కాల్చిన మట్టిలో మొలకలు

చచ్చిన మట్టిని చచ్చిందని రాసినందుకు ఒక ఉద్యోగినిని ఇంటికి పంపేశారు. పంపి ఊరుకోలేదు. ఆ మట్టిని చంపింది ఆమేనని ఉత్తర్వు రాసి, ముద్ర కొట్టి, ఒక ప్రతిని నోటీసు బోర్డుకు అంటించి, ఇంకొక ప్రతిని ఆమె భర్త చేతికే ఇచ్చి పంపారు. ఉత్తర్వులో మూడు పేరాలున్నాయి. ఆమె చెప్పాపెట్టకుండా పది రోజులు పనికి రాలేదని మొదటి పేరా. ఆ పది రోజులూ నీళ్ళు లేక ట్రేల్లోని మట్టి ఎండిపోయి, అందులోని విత్తనాలన్నీ నశించాయని రెండో పేరా. పరీక్ష పాడైంది గనుక తవ్వకం షరతును ఈ ఒక్కసారికి సడలించవలసిందిగా పైవారిని కోరుతున్నట్టు మూడో పేరా. మొదటి రెండూ అబద్ధాలు. మూడోదాని కోసమే వాటిని రాశారు.

ఆమెను అందరూ మొలకలమ్మ అంటారు. క్వారీ సంస్థకు అనుబంధంగా పునరుద్ధరణ విభాగమని ఒకటుంది. తవ్వేసిన కొండను మళ్ళీ పచ్చగా చేసే బాధ్యత కాగితం మీద ఆ విభాగానిది. అక్కడి అద్దాల షెడ్డులో మొలకలు లెక్కపెట్టడం పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని.

మొలకలమ్మ పుట్టు భయస్తురాలు. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. లిఫ్టు ఎక్కదు, నాలుగంతస్తులైనా మెట్లే. ఆఫీసు నుంచి ఏ కవరు వచ్చినా విప్పకముందే తప్పు తనదేనని ఒప్పేసుకుంటుంది. “మా ఆవిణ్ణి భయపెట్టడానికి దొంగలక్కర్లేదు, తలుపుకి గాలి తగిల్తే చాలు” అని ఆమె భర్త తోటి టిప్పరు డ్రైవర్లతో చెప్పి నవ్వేవాడు. అలాంటి మనిషి ఎలా ఎదురు తిరిగిందని ఇప్పుడు క్వార్టర్లలో అందరూ ముక్కున వేలేసుకుంటున్నారు. ఆమె ఎదురు తిరగలేదు. మొదటి నుంచీ చివరిదాకా వణుకుతూనే ఉంది. జరిగింది జరిగినట్టు చెబితే ఆ సంగతి ఎవరికైనా బోధపడుతుంది.

ఆమె ఆ షెడ్డులో ట్రేలు కడిగే పనికి చేరింది. వృక్షశాస్త్రం చదివిన పెద్దాయన ఒకరు మట్టి పరీక్షను నెలకొల్పిన రోజులవి. కొండ మీద ఒక్కో చోట నుంచి బొటనవేలంత లోతు మట్టిని తెచ్చి, జల్లెడ పట్టి, రాళ్ళూ వేర్లూ ఏరి, ట్రేల్లో పలచగా పరుస్తారు. తడి ఆరకుండా రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లుతారు. అంతే. విత్తనం ఎవరూ వేయరు. మట్టిలో ముందే దాగి ఉన్నవి ఒక్కొక్కటే లేస్తాయి. లేచినదాన్ని గుర్తుపట్టి, లెక్క రాసి, పీకేయాలి. గుర్తుపట్టలేనిదాన్ని కుండీలోకి మార్చి పువ్వు పూసేదాకా ఆగాలి. మొలక తొలి ఆకుల జతను చూసి మొక్క పేరు చెప్పడమంటే, పొత్తిళ్ళలోని బిడ్డను చూసి పెద్దయ్యాక మీసకట్టు ఎలా ఉంటుందో చెప్పడం. ట్రేలు కడుగుతూ కడుగుతూనే మొలకలమ్మ ఆ విద్య పట్టేసింది. రెండేళ్ళు తిరిగేసరికి పెద్దాయనే భూతద్దం పక్కన పెట్టి, “ఇదేంటో చూడమ్మా” అని ఆమెను పిలవడం మొదలుపెట్టాడు.

మూడో ఏట వేసవిలో కొండ తూర్పు వాలు అంటుకుంది. ఆరు రోజులు కాలింది. మంటలు ఆరాక పెద్దాయన వెంట మొలకలమ్మ వెళ్ళి చూసింది. నేల నల్లగా, అడుగు వేస్తే చిట్లుతూ, ఒక్క పిట్ట కూత లేకుండా ఉంది. ఇక్కడ ఇంకేమీ మొలవదని ఆమె ఏడ్చింది. వానలు పడిన నలభై రోజులకు మళ్ళీ వెళ్ళారు. వాలంతా చిన్న చిన్న ఆకులు. వాటి మధ్య, ఇరవై ఏళ్ళుగా ఆ కొండ మీద ఎవరి కంటా పడని నీలిపువ్వు మొక్క, ఒకటి కాదు, వందలు.

“పైన కనిపించేది సగం కొండేనమ్మా. మిగతా సగం ఈ మట్టిలో పడుకుని ఉంది. కొన్ని తొలి వానకే లేస్తాయి. కొన్ని పొగ తగిలితే గానీ కదలవు. కొన్ని పదేళ్ళు, ముప్పయ్యేళ్ళు అలాగే ఉంటాయి. అన్నీ ఒకేసారి లేస్తే ఒక్క ఎండదెబ్బకి వంశమే పోదూ?” అన్నాడు పెద్దాయన. ఆయన ఇప్పుడు లేడు. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం మొన్న మొన్నటిదాకా ఉంది.

ఆ పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పరీక్షలోనూ మామూలు మట్టి ట్రేల మధ్య కొన్ని కాల్చిన మట్టి ట్రేలు కలిపి పెట్టాలి. అదే మట్టిని నాలుగు గంటలు పొయ్యిలో కాల్చి, అందులో ప్రాణమున్నదేదీ మిగలకుండా చేసి, చల్లార్చి పరుస్తారు. పైకి చూస్తే రెండూ ఒకటే. కాల్చినదాని అడుగున మాత్రం ఎర్రరంగు గీత ఒకటి గీస్తారు. లెక్కపెట్టే మనిషి సైతం ముందు అన్ని ట్రేలూ లెక్కపెట్టి సిరాతో రాశాకే ఎత్తి అడుగు చూడాలి. కాల్చిన మట్టిలో ఏదైనా మొలిచిందంటే అది బయటి నుంచి వచ్చిపడిందన్నమాట. కిటికీ సందులోంచి గాలికి ఒకటో రెండో గడ్డి గింజలు రావచ్చు. అంతకు మించి వస్తే లెక్క మొత్తం కొట్టేయాల్సిందే. ఈ కట్టుబాటు మొలకలమ్మకు తెలుసు, పోయిన పెద్దాయనకు తెలుసు. ఏడాది క్రితం వచ్చిన సూపరింటెండెంటుకు తెలియదు. ఆయన రిజిస్టరులో ఆఖరి పేజీ తప్ప చదివిన పాపాన పోలేదు.

ఇక షరతు సంగతి. తవ్వే ముందు కొండ పైమట్టిని గీకి విడిగా కుప్ప పోయాలి. కుప్ప రెండు మీటర్లు మించకూడదు. రెండేళ్ళలోగా ఆ మట్టిని తవ్విన చోటనే తిరిగి పరవాలి. పడమటి వైపు గీకిన మట్టిని తొమ్మిదేళ్ళ క్రితం ఒక్కచోటే పదమూడు మీటర్ల ఎత్తున పోసి వదిలేశారు. గాలాడని ఆ లోతులో విత్తనాలు కొన్ని చీకట్లోనే మొలిచి కుళ్ళిపోతాయి, కొన్ని ముసలివై చచ్చిపోతాయి. ఇప్పుడు సంస్థకు తూర్పు వాలు కావాలి. కుప్ప మట్టిలో కనీసం ముప్పై రకాల మొక్కలు మొలిస్తేనే తూర్పు వాలు తవ్వనిస్తామని అనుమతులిచ్చే కార్యాలయం లిఖితపూర్వకంగా చెప్పింది. కుప్ప బతికి లేకపోతే, పడమటి కొండ ఎలాగూ తిరిగి రాదు. చచ్చిన కుప్పను బతికుందని రాస్తే తూర్పు కొండ కూడా అదే దారి పడుతుంది. ఆ ముప్పై అనే అంకె మొలకలమ్మ కలం మొన మీద నిలబడింది.

తొమ్మిది వారాలు గడిచాయి. పోల్చి చూడడానికి తెచ్చిన తూర్పు వాలు మట్టిలో యాభై ఏడు రకాలు లేచాయి. కుప్ప మట్టిలో నాలుగు.

సూపరింటెండెంటు షెడ్డులోకి వచ్చాడు. ఏనాడూ గుమ్మం దాటనివాడు లోపలికొచ్చి బల్ల మీద చెయ్యి ఆనించేసరికి ఆమె లేచి నిలబడింది.

“ఏమ్మా, కుప్పలో ఎన్నొచ్చాయి?”

“నాలుగు సార్.”

“నలభయ్యా?”

“నాలుగే సార్.”

ఆయన నవ్వాడు. “బాగా అలిసిపోయావమ్మా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. పది రోజులు ఇంటి పట్టున ఉండు. నీళ్ళు వాచ్‌మన్ పోస్తాడులే.”

“నేను సెలవు అడగలేదు సార్.”

“అడిగితే ఎవడైనా ఇస్తాడు. అడక్కుండా ఇచ్చేవాడే కదా మంచి ఆఫీసరు!”

“చీటీ రాసివ్వమంటారా?”

“మనలో మనకి చీటీలేంటమ్మా. వెళ్ళు, వెళ్ళు.”

ఇంటికొచ్చి చెబితే అత్తగారు కళ్ళజోడు పైకెత్తి కోడల్ని ఎగాదిగా చూసింది. “అడక్కుండా సెలవిచ్చారా? పద్దెనిమిదేళ్ళలో నీకు జ్వరమొచ్చినా ఇవ్వలేదు కదే! నీకేదో పెద్ద జబ్బుందని మనకంటే ముందు వాళ్ళకి తెలిసినట్టుంది.”

హాస్యానికే అన్నది. కోడలు మాత్రం ఆ పది రోజులూ తన నాడి తానే చూసుకుంటూ గడిపింది.

పదకొండో రోజు ఉదయం షెడ్డు తలుపు తీసి మొలకలమ్మ అక్కడే నిలబడిపోయింది. కుప్ప మట్టి బల్ల మొత్తం పచ్చగా ఉంది. ఒక్క ట్రే ఖాళీ లేదు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. కుప్ప బతికే ఉంది, లోపల ఎక్కడో పట్టుకుని ఉంది, తనే తొందరపడింది. ఇక సూపరింటెండెంటు కోప్పడడు, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. వెంటనే కూర్చుని లెక్క మొదలుపెట్టింది. ఒక్కొక్క ట్రే, ఒక్కొక్క రకం, సిరాతో.

పదో ట్రే దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. మొలకలన్నీ ఒకే ఎత్తు. అడవి మట్టిలోంచి వచ్చేవి అలా బడి పిల్లల్లా వరసగా లేవవు, ఇవాళ ఒకటి, పై వారం ఇంకొకటి. వేళ్ళు మట్టి లోపల లేవు, పైపైనే ఉన్నాయి. పన్నెండో ట్రేలో ఆఫీసు మెట్ల పక్కన కుండీల్లో పెంచే పూలమొక్క పిల్ల కనిపించింది. అది ఆ కొండ ఎక్కిన చరిత్ర లేదు. ఆమె ఏదో ఒక కారణం వెతుక్కుంటూ, తనకు తాను సర్దిచెప్పుకుంటూ, మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది ట్రేలూ పూర్తి చేసింది. ముప్పై ఒక్క రకాలు. కావలసినదానికి ఒకటెక్కువ.

ఇక మిగిలింది ట్రేలెత్తి అడుగు చూడడం. మొదటిది ఎత్తింది, గీత లేదు. రెండోది, లేదు. మూడోది ఎత్తగానే ఎర్రగీత కనిపించింది. ఆ ట్రేలో ముప్పై తొమ్మిది మొలకలున్నాయి. ఆమె దాన్ని మెల్లగా దించి, నాలుగో ట్రే మీద చెయ్యి వేసింది. ఒక్కొక్కటే ఎత్తుతూ చివరిదాకా పోయింది. ఎనిమిది కాల్చిన మట్టి ట్రేలు, ఎనిమిదీ నిండుగా పచ్చగా. తన చేత్తో పొయ్యిలో పెట్టి, తన చేత్తో బయటికి తీసిన మట్టి. శవం కళ్ళు తెరిచి చూసినట్టు ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. పక్క బల్ల మీద వాలు మట్టి ట్రేలు ఎప్పటిలాగే హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. అంటే గాలి కాదు. ఒక మనిషి లోపలికి వచ్చి, కుప్ప బల్ల మీద మాత్రమే, ఈ చివర నుంచి ఆ చివరకు చల్లుకుంటూ పోయాడు. ఏది పచ్చిమట్టో ఏది కాల్చిందో వాడికి తెలియదు.

ఆమె వాచ్‌మన్ దగ్గరకు వెళ్ళింది.

“బాబాయ్, నేను లేనప్పుడు ఎవరొచ్చారు?”

“నీళ్ళు పోయమన్నారు, పోశా తల్లీ. పొద్దునా సాయంత్రం. నీళ్ళ రిజిస్టరులో ఇరవై సంతకాలున్నాయి, చూసుకో.”

“నీళ్ళ సంగతి కాదు బాబాయ్. ఎవరొచ్చారు?”

“నాకెందుకమ్మా ఆ గొడవ.” ముసలాయన బూటు లేసు విప్పి మళ్ళీ కట్టాడు. “రెండో రోజు సూపరింటెండెంటు సారు తాళంచెవి అడిగారు. ఇచ్చా. చేతిలో పంచదార డబ్బా లాంటిది ఉంది. లోపల టీ కాచుకుంటారు కాబోలనుకున్నా.”

ఆమె తిరిగొచ్చి, రాసిన అంకెల పక్కన ఎనిమిది చోట్ల “కాల్చినది” అని రాసింది. ధైర్యంతో కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గడి ఖాళీగా ఉంచి ఎరగదు. రాసేశాక గానీ తానేం చేసిందో ఆమెకు తట్టలేదు. రిజిస్టరు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

సాయంత్రం నాలుగు గంటలకు పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

“ఈ కాల్చినదేంటమ్మా?”

ఆమె చెప్పింది. వింటున్నంతసేపూ ఆయన చెవులు ఎర్రబడుతూ వచ్చాయి.

“ఈ ఏడాది కాల్చిన ట్రేలు పెట్టలేదని రాద్దాం. కొత్త పేజీ టైపు చేయిస్తా, రేపు సంతకం పెట్టు.”

“పెట్టాం కదా సార్.”

“పెట్టలేదనుకో. మీ ఆయన టిప్పరు మీద ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడు?”

“పదిహేనేళ్ళు సార్.”

“క్వార్టరు ఎవరి పేరు మీదుంది?”

“నా పేరు మీద సార్.”

“బాగుంది. మీ అత్తగారు పెద్దావిడ, మెట్లు కూడా దిగలేదట కదా. ఇంటికెళ్ళి ఆలోచించుకో.”

ఇంత మెత్తగా ఆయన ఏనాడూ మాట్లాడలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగింది.

ఇంట్లో భర్త అంతా విని, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టాడు. “పెట్టెయ్. సంతకమే కదా. మనకెందుకే పెద్దవాళ్ళతో?”

“అలాగే పెట్టేస్తానండీ” అంది ఆమె. వీధిలో జీపు ఆగిన చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. పక్కింటికొచ్చిన జీపు అది.

జీపు వెళ్ళిపోయాక అతను అన్నాడు. “ఆ కుప్ప పోసింది నేనే. రెండు మీటర్లని బోర్డు ఉంది. బోర్డు పక్కనుంచే టిప్పరు ఎక్కించాం. పైకి పోనీ, ఇంకా పైకి పోనీ అన్నారు. ఎత్తు మీద బండి వెనక్కి పెడుతుంటే నాకు కళ్ళు తిరిగేవి. నువ్వు భయపడతావని ఇంట్లో చెప్పలేదు.”

“సంతకం పెడితే ఏమవుతుందే?” అత్తగారు అడిగింది.

“తూర్పు వాలు తవ్వేస్తారత్తయ్యా.”

“తవ్వి, ఆ మట్టే మళ్ళీ కప్పుతారు కదా?”

“ఈ కుప్పలాగే అదీ చచ్చాకే కప్పుతారు. పైన ఎంత వాన పడినా ఏమీ లేవదు. ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చిన కలుపు తప్ప.”

“ఎన్నాళ్ళు?”

“మన పిల్లల పిల్లలు కూడా చూడరు.”

ముసలావిడ ఆలోచించింది. “నాకు చావంటే భయం లేదు గానీ, ఇల్లు మారడమంటే మహా భయం. కొత్త ఇంట్లో బాత్రూము ఎటుందో నాకు తెలిసేసరికి పోతాను.” ఆవిడే మళ్ళీ అంది. “అయినా నీ ఇష్టం. నా పేరు చెప్పి మాత్రం పెట్టకు. ఆ పాపం నాకు చుట్టకు.”

మర్నాడు ఆఫీసుకు వెళ్ళే ముందు మొలకలమ్మ షెడ్డులోకి తొంగి చూసింది. వాలు మట్టి పదకొండో ట్రేలో ఒక మొలక ఉంది. తొలి ఆకులకు మూడేసి చీలికలు. పద్దెనిమిదేళ్ళలో ఆమె అలాంటిది చూడలేదు. అది ఎన్నాళ్ళుగా ఆ మట్టిలో ఆగి ఉందో, దాని పువ్వు ఏ రంగో చెప్పగలవారెవరూ ఇప్పుడు లేరు. దాన్ని వేళ్ళు తెగకుండా కుండీలోకి మార్చి, నీళ్ళు చిలకరించి, చేతులు కడుక్కుని వెళ్ళింది.

టైపు చేసిన కాగితం బల్ల మీద ఉంది. సూపరింటెండెంటు తన కలమే మూత తీసి అందించాడు. ఆమె తీసుకుంది. కాగితం మీద మొన ఆనించింది కూడా. అక్కడ చిన్న సిరా చుక్క పడింది. అది దాటి చెయ్యి కదలలేదు.

“ఏమ్మా?”

“భయంగా ఉంది సార్.”

“దానికేం, పెట్టెయ్. భయం పోతుంది.”

“పోదు సార్. ఇప్పుడైతే మీరంటేనే భయం. సంతకం పెడితే వాన పడ్డప్పుడల్లా భయపడాలి. ఆ వాలు వైపు చూడలేను సార్.”

కలం బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడితే, వంగి తీసి, మూత పెట్టి మరీ ఇచ్చింది. “క్షమించండి సార్” అని కూడా అంది. ఎదురు తిరగడమంటే ఇదేనా?

ఆ మధ్యాహ్నమే షెడ్డుకు కొత్త తాళం పడింది. ట్రేలన్నీ వెనక సిమెంటు గచ్చు మీద ఎండలో బోర్లించారు. వాలు మట్టివీ, కుప్ప మట్టివీ, పేరు తెలియని ఆ మొక్క కుండీతో సహా. నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. నోటి మాటతో ఇచ్చిన సెలవు అందులో గైరుహాజరుగా మారింది. నెలలోగా క్వార్టరు ఖాళీ చేయాలని వేరే నోటీసు. భర్తను టిప్పరు దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు. మొలకలమ్మ ఇప్పుడు పగలంతా కిటికీ రెక్కలు మూసుకుని కూర్చుంటుంది. తలుపు చప్పుడైతే ముందు అత్తగారి గదిలోకి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ తరువాతే “ఎవరూ?” అని అడుగుతుంది. ఉత్తర్వును ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. చివరికి మొన్న భర్తను అడిగింది: “ఏవండీ, నిజంగా నేనే చంపానేమో?”

ఒక నిజాయితీపరురాలి చేత ఆ మాట అనిపించారు. ఇంతకన్నా ఘోరం ఉంటుందా?

పునరుద్ధరణ విభాగం సూపరింటెండెంటుగారూ, మీ పై అధికారులూ, అనుమతులిచ్చే కార్యాలయంలోని పెద్దలూ వినండి. షెడ్డు రిజిస్టరులో ప్రతి పేజీ కింద కార్బను కాగితం ఉంటుందని మీలో ఎవరూ గమనించలేదు. ఎనిమిది చోట్ల “కాల్చినది” అని రాసిన పేజీకి నకలు ఉంది. అది ఎక్కడ భద్రంగా ఉందో మీకు అనవసరం. ట్రేలు ఎండిపోయాయని రాశారు గనుక, వాచ్‌మన్ ఇరవై సంతకాలున్న నీళ్ళ రిజిస్టరును బయట పెట్టండి. నీళ్ళు లేక చచ్చిన ట్రేల్లో ముప్పై ఒక్క రకాలు ఎలా మొలిచాయో, కాల్చిన మట్టిలో ఎవరు ప్రాణం పోశారో సమాధానం చెప్పండి. వచ్చే నెల ఇరవై రెండున మీరు షరతు సడలింపు మీద కూర్చుంటున్నారు. ఆ రోజుకు ముందే ఉత్తర్వును రద్దు చేసి, రద్దు చేసినట్టు అదే నోటీసు బోర్డుకు అంటించండి. ఆమెను పనిలోకి తీసుకోండి. పదమూడు మీటర్ల కుప్ప పై నుంచి కింది దాకా అందరూ చూస్తుండగా మట్టి తీసి, ఆమె చేతికే ఇచ్చి, తలుపులు తెరిచి మళ్ళీ పరీక్ష జరిపించండి. ఎన్ని రకాలు లేస్తే అన్నే రాయనివ్వండి. అంతవరకూ తూర్పు వాలు మీద ఒక్క పార కూడా దించకండి.